గుండ్లకమ్మ రేవు వెనుక కథ

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో తెలుగు మిషన్ నెలకొల్పారు. పాతికేళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. దాన్ని మూసేద్దామని అమెరికాలో ఒకటికి మూడుసార్లు చర్చ జరిగింది. 1866లో ఒంగోలు చేరిన మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కాలంలో పరిస్థితి మారింది. ఆ ఘనతంతా ఆయన ఒక్కడికే కట్టబెట్టడం పరిపాటి. అయితే పల్లెల్లో బోధ పాకిన దారి ఆయన వేసింది కాదు, ఎర్రగుంట్ల పేరయ్య వేసింది.

పేరయ్యది ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడు. మాదిగ కుటుంబం, తోళ్ల వ్యాపారం. క్రైస్తవం సంగతి తెలియకముందే ఆయన రాజయోగ మార్గంలో గురూపదేశం పొందాడు. విగ్రహం లేని ధ్యానం, గురువు మాట మీద గురి, శిష్యులను కూర్చోబెట్టుకుని చెప్పడం అప్పటికే అలవాటు. కొత్త బోధకు నేల అక్కడే పదునైందని చెప్పవచ్చు. ఏలూరు వైపు వ్యాపారానికి వెళ్లినప్పుడు ఆయన చెవిన క్రీస్తు మాట పడింది. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి జనవరిలో క్లౌ ఆ ప్రాంతంలో డేరా వేసేసరికి పేరయ్య చుట్టుపక్కల పల్లెల్లో చెప్పవలసింది చెప్పి ఉంచాడు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు.

ఆ తరువాత బోధ చుట్టరికాల వెంట సాగింది. బోధకుడు మాదిగపల్లెకు వస్తే దిగేది బంధువుల ఇంట్లోనే. జనం కూలిపని ముగించుకుని వచ్చాక రాత్రిపూట పాట, మాట నడిచేవి. ఒకరు మారాలంటే ఇంటిల్లిపాదీ, ఒక్కోసారి పల్లె పెద్దలంతా కూడి ఆలోచించేవారు. మారినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు.

వినడానికి చిన్నవే గానీ, ఈ మూడూ ఊరి కట్టుబాటును కుదిపేశాయి. మాదిగలు రైతుకు చెప్పులు కుట్టాలి, మోట బానలు బాగుచేయాలి, జాతరలో తప్పెట కొట్టాలి. ప్రతిఫలంగా కళ్లంలో గింజలు, చచ్చిన పశువు వారికి దక్కేవి. జాతరలో తప్పెట కొట్టబోమన్నవారి మీద, కోతల కాలంలో ఆదివారం పనికి రామన్నవారి మీద కరణం, మునసబులు విరుచుకుపడ్డారు. నీళ్లకు, పశువుల మేతకు అడ్డం పెట్టారు, తప్పుడు కేసులు బనాయించారు. అలాంటి పల్లెల్లో మతం మార్పు ఎవరి ఆంతరంగిక విషయంగానూ మిగలలేదు.

1876–78 కరువు దీనంతటికీ తరువాత వచ్చింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, సర్వే పని తెలిసిన క్లౌ సుమారు మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. దూరపు పల్లెల కూలీలు అలుపు తీర్చుకునే వేళ వారి మాటలు విన్నారు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని క్లౌ పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక ఇక ఆపడం ఆయన వల్ల కాలేదు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలబడి, అలసినప్పుడు మరో ఇద్దరికి చోటిచ్చారు. క్లౌ మాత్రం నీటిలో దిగలేదు, గట్టున ఉండి ఏర్పాట్లు చూశాడు. వచ్చినవారి సంగతి ఎరిగి, వారి తరఫున పూచీ పడింది కూడా ఆయా పల్లెల బోధకులే. గింజల కోసం మారారా, మనసు మారి మారారా అన్న వాదం నేటికీ ఉంది. కరువుకు ముందు పదేళ్ల శ్రమను లెక్కలోకి తీసుకోనిదే అది తేలదు.

బోధను మోసిన చుట్టరికమే దానికి హద్దూ గీసింది. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలే అత్యధికులుగా నిలిచారు. గుంటూరు వైపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. ఒకే క్రీస్తును నమ్మినా పెళ్లి సంబంధాలు చాలాకాలం పాత గీత దాటలేదు.