మొక్కల దగ్గర పురుగు కుడితే ఏం చేయాలి?

వానలు పడితే పెరట్లో, మిద్దె మీద మొక్కల పని పెరుగుతుంది. పుదీనా కోయడం, గోరింటాకు దూయడం, కుండీల్లో గడ్డి పీకడం ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్లు, పెద్దవాళ్లే చేస్తుంటారు. పిల్లలూ వెంట ఉంటారు. చీమ, దోమ, తేనెటీగ, కందిరీగ వంటివి కుట్టడం మామూలే. చాలావరకు ఇంట్లోనే తగ్గిపోతాయి. ఏవి తగ్గవో తెలిసి ఉండాలి, అంతే.

అస్ర్ నమాజు తర్వాత మగ్రిబ్ లోపు నీళ్లు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. డెంగీ దోమ బాగా కుట్టే వేళల్లో అదీ ఒకటి, పొద్దున ఎండ వచ్చాక మరొకటి. కాబట్టి ఫుల్ చేతుల బట్టలు, పాదాలు కప్పే సల్వార్ లేదా ప్యాంటు, సాక్సులు, బూట్లు ఉండాలి. రబ్బరు చెప్పులతో మొక్కల్లోకి దిగడం మంచిది కాదు. కుండీల కింద ప్లేట్లలో నిలిచిన నీళ్లు వారానికోసారి పారబోసి, ప్లేటును పీచుతో రుద్దాలి. దోమ గుడ్లు దాని అంచులకే అంటుకుని ఉంటాయి. జుమా రోజు పూసుకున్న అత్తరుతో పూల మొక్కల దగ్గరికి వెళ్లకపోతే మేలు, ఘాటైన వాసనకు తేనెటీగలు వస్తాయి. ముదురు రంగు బట్టల కంటే లేత రంగులు నయం.

తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, దానికున్న సంచి లోంచి విషం ఇంకా దిగుతూ ఉంటుంది. గోరుతోనో, ఏటీఎం కార్డు అంచుతోనో వెంటనే గీకి తీసేయాలి. ఎలా తీశామన్న దానికంటే ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కందిరీగ ముల్లు వదలదు, కానీ మళ్లీ మళ్లీ కుడుతుంది, అక్కడి నుంచి దూరంగా వెళ్లిపోవాలి. ఏది కుట్టినా సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టాలి. వేలికి ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయాలి. దురదకు కాలమైన్ లోషన్ పనిచేస్తుంది. కుట్టిన చోట వాపు ఒకటి రెండు రోజులు పెరగడం సహజమే. సున్నం రాయడం మన దగ్గర పాత అలవాటు, దానివల్ల చర్మం కాలుతుంది, వద్దు.

మునగ చెట్టుకు పట్టే గొంగళి పురుగుల సంగతి వేరు. వాటి వెంట్రుకలు తగిలితే రుద్దకూడదు, రుద్దితే ఇంకా లోపలికి దిగుతాయి. టేపు అంటించి లాగితే వచ్చేస్తాయి. ఆ తర్వాతే కడగాలి. చెట్టు కింద ఆరేసిన బట్టలు దులిపి వేసుకోవాలి.

పెదాలు, నాలుక వాయడం, ఊపిరి ఆడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. అప్పుడు ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్ ఇంజక్షన్, ఇంట్లో ఉన్న అలర్జీ మాత్ర సరిపోదు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. తేలు కుట్టినా అంతే, ముఖ్యంగా పిల్లలను. చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం ప్రమాద సూచనలు. మహారాష్ట్రలోని మహాడ్‌కు చెందిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ మందుతో ఎర్రతేలు కాటు మరణాలను బాగా తగ్గించగలమని చూపించారు. దమ్ చేయించాలనుకుంటే దారిలో చదువుకోవచ్చు, దాని కోసం ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం కాకూడదు. గాటు పెట్టడం, తాడు కట్టడం చేయొద్దు.

అన్నిటికంటే మోసం చేసేది స్క్రబ్ టైఫస్. గడ్డి, పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఈ జ్వరం ఉంది. కుట్టినప్పుడు నొప్పే ఉండదు. 6 నుంచి 21 రోజుల్లో జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, అందరికీ కనిపించాలనేమీ లేదు. వైద్యం ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. టీకా లేదు. కానీ డాక్సీసైక్లిన్ త్వరగా మొదలుపెడితే చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. గర్భిణులకు డాక్టర్లు అజిత్రోమైసిన్ ఇస్తారు. షాపులో సొంతంగా కొని మింగే మందులు కావివి.

చిక్కేమిటంటే ఆ పొక్కు ఎక్కువగా చంకలో, నడుము దగ్గర, గజ్జల్లో, రొమ్ము కింద ఉంటుంది. తోటపని అయ్యాక స్నానం చేస్తూ అక్కడే చూసుకోవాలి, విప్పిన బట్టలు వేడినీళ్లలో వేయాలి. జ్వరంతో వెళ్లినప్పుడు డాక్టరు అడగకపోయినా గడ్డి పీకిన సంగతి చెప్పాలి. ఆడవాళ్లు చూపించడానికి మొహమాటపడి ఊరుకుంటే జబ్బు మామూలు వైరల్ జ్వరం లెక్కలోకి పోతుంది. మహిళా డాక్టర్‌ని, లేకపోతే నర్సును పిలవమని అడగొచ్చు. అలా అడగడంలో తప్పేమీ లేదు.