ఎన్.టి. రామారావు గారి పాలన: మనలో ఇన్ని అభిప్రాయాలెందుకు?



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు కాకతీయుల గురించో, విజయనగర రాజుల గురించో రాద్దామనుకున్నాను. వారి మీద ఎవరికీ కోపతాపాలుండవు. అయితే మనం కళ్ళారా చూసిన చరిత్ర గురించే మనమంతా ఒక్క మాట మీద లేమన్న సంగతి 2023 మే నెలలో మన హాలులో జరిగిన సమావేశంలో బయటపడింది. అందుకే ఆ విషయమే రాస్తున్నాను.

ఆ నెల 28వ తేదీన నందమూరి తారక రామారావు గారి శతజయంతి. ఆయన చిత్రపటం హాలులో పెట్టాలని ఒక సభ్యులు ప్రతిపాదించారు. వెంటనే ఇంకొకరు లేచి, "మా నాన్నగారిని 55 ఏళ్ళకే ఇంటికి పంపిన మనిషి పటం కింద నేను కూర్చోను" అన్నారు. వెనుక వరుసలో ఉన్న రిటైర్డ్ టీచరమ్మ గారు, "ఆడపిల్లకు పుట్టింటి ఆస్తిలో హక్కు ఇచ్చింది ఆయనే, అది కూడా గుర్తు పెట్టుకోండి" అన్నారు. కరణం గారి అబ్బాయి ఒకరు, తెలంగాణలో పుట్టి పెరిగిన మిత్రులు ఒకరు పరస్పర విరుద్ధంగా మాట్లాడారు. మినిట్స్ పుస్తకం పట్టుకున్న నాకు ఎవరి మాట రాయాలో తోచలేదు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు మరి!

కృష్ణా జిల్లా నిమ్మకూరులో 1923లో పుట్టిన రామారావు గారు సినిమా రంగంలో తిరుగులేని స్థానంలో ఉండగా 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. తొమ్మిది నెలలు గడిచేసరికి ఎన్నికలలో గెలిచారు. 1983 జనవరి 9న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో జనం మధ్య ప్రమాణ స్వీకారం చేశారు. అంతవరకు మన రాష్ట్రంలో కాంగ్రెసు తప్ప వేరొక పార్టీ ప్రభుత్వం లేదు. ముఖ్యమంత్రులు ఢిల్లీ మాట మీద మారుతుండేవారు. ఆ విసుగు మీద వచ్చిన గెలుపు అది. ఉద్యోగులలో కూడా ఎందరో ఆయనకు ఓటు వేశారు. నేనూ వేశాను.

సరిగ్గా నెల తిరక్కుండానే, అంటే ఫిబ్రవరి 8న, ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. అప్పటికే 55 నిండినవారందరూ ఆ నెల 28వ తేదీ సాయంత్రం ఇంటికి పోవలసిందే. 18,000కు పైగా ప్రభుత్వ ఉద్యోగులు, 10,000 మంది ప్రభుత్వ రంగ సంస్థల వారు ఆ విధంగా వెళ్ళిపోయారని తర్వాత సుప్రీంకోర్టులో నమోదయింది. చదువుకున్న నిరుద్యోగ యువకులకు అవకాశం కల్పించడానికే ఈ నిర్ణయమని ప్రభుత్వం చెప్పింది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలో పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి కార్డు కోసం ఎదురుచూసిన పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉండేవారు.

అప్పుడు నాకు 34 ఏళ్ళు. ఒక కార్యాలయంలో యు.డి.సి.గా పనిచేస్తున్నాను. మా హెడ్ క్లర్కు గారికి 56వ ఏడు నడుస్తోంది. నాకు నోటు రాయడం నేర్పింది ఆయనే. "అబ్బాయీ, ఫైలులో నచ్చని కాగితం ఉండవచ్చు గాని, లేని కాగితం ఉండకూడదు" అనేవారు. ఫిబ్రవరి 28 సోమవారం నాడు మధ్యాహ్నం దాకా పెండింగు ఫైళ్ళన్నీ జాబితా రాసి, సాయంత్రం బీరువా తాళంచెవులు నా చేతిలో పెట్టారు. పూలదండ వేసి, టీ ఇచ్చి పంపించాం. ఆ రోజు అందరమూ బాధపడిన మాట నిజం. ఆయన ఖాళీ చేసిన కుర్చీలోకి కొన్నాళ్ళకు నాకు ప్రమోషన్ వచ్చిన మాట కూడా నిజమే. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి నా భార్యతో శుభవార్త అనే చెప్పాను. 40 ఏళ్ళుగా ఈ మాట ఎక్కడా చెప్పలేదు. ఈ వ్యాసంలోనైనా చెప్పకపోతే నా సాక్ష్యం పూర్తి కాదు.

ఆ ఉత్తర్వు మీద ఉద్యోగులు కోర్టుకు వెళ్ళారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు, ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి నాయకత్వంలోని ధర్మాసనం, వయస్సు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని తీర్పు చెప్పింది. ఈలోగా 1984 ఆగస్టు 23 నుంచి వయస్సు తిరిగి 58 అయింది గాని, మధ్యలో పోయినవారికి అది వర్తించదన్నారు. దాని మీద మళ్ళీ కేసు నడిచింది. 1985 ఆగస్టులో జస్టిస్ చిన్నపరెడ్డి గారు ఆ తేడా చెల్లదని తీర్పు ఇచ్చారు. సర్వీసు మిగిలి ఉన్నవారిని తిరిగి తీసుకోవాలని, ఆ అవకాశం లేనివారికి 58 ఏళ్ళు నిండే వరకు రావలసిన జీతభత్యాలను, అప్పటికే ముట్టిన పెన్షన్ వగైరాలు మినహాయించి, చెల్లించాలని ఆదేశించారు. నేటి పిల్లలకు ఇదంతా కథలా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయస్సు 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది కదా!

ఇక కరణాల విషయం. 1984 జనవరిలో ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆంధ్రలో కరణం, మునసబు; తెలంగాణలో పటేల్, పట్వారీ. తండ్రి తర్వాత కొడుకు అన్న పద్ధతిలో తరతరాలుగా సాగిన ఆ కొలువులు ఒక్క సంతకంతో పోయాయి. అడంగల్‌లో ఎవరి పేరు ఎక్కాలో, ఎవరి పేరు ఎగిరిపోవాలో ఒక్క ఇంటి కలం మీద ఆధారపడిన రోజులవి. పటేల్, పట్వారీల పెత్తనం ఎరిగిన మన తెలంగాణ మిత్రులు ఆ రోజు పండుగ చేసుకున్నామంటే ఆశ్చర్యం లేదు. అయితే కొద్దిపాటి జీతానికి పనిచేసి, ఊరి పొలిమేరలన్నీ నోటికి చెప్పగల నిజాయితీపరులైన కరణాలు కూడా ఆ దెబ్బకే పోయారు. రికార్డులు అప్పగించిన చోట అప్పగించారు, లేని చోట లేదు. భూమి లెక్కల చిక్కు ఆ తర్వాత కూడా తీరలేదు. గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థను 2020లో తెలంగాణ ప్రభుత్వం రద్దు చేయవలసి వచ్చిందంటే సమస్య ఎంత పాతదో తెలుస్తుంది.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రాష్ట్రంలో 1,100కు పైగా మండలాలు ఏర్పడ్డాయి. మరుసటి ఏడాది నన్ను కొత్తగా వెలసిన ఒక మండల కార్యాలయానికి బదిలీ చేశారు. అద్దె పెంకుటింట్లో రెండు బల్లలు, ఒక బీరువా. మేము సణుక్కుంటూనే వెళ్ళాం. కాని అంతకు ముందు సర్టిఫికెట్టు కోసం బస్సు మారి, పూటకూళ్ళ ఇంట్లో తిని, పని కాక మరునాడు మళ్ళీ వచ్చే రైతు, ఇప్పుడు పొద్దున్నే నడిచివచ్చి మధ్యాహ్నానికి ఇంటికి పోయేవాడు. కిటికీకి ఇవతల కూర్చున్న మాకు అది కష్టం, అవతల నిలబడ్డవాడికి సుఖం. ఒకే పనికి రెండు అభిప్రాయాలు ఎలా వస్తాయో అక్కడే అర్థమయింది.

కిలో రెండు రూపాయల బియ్యం 1983లో మొదలయింది. ఖజానాకు భారమన్నవారు అన్నారు, ఇంట్లో పొయ్యి వెలిగిందన్నవారు అన్నారు. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం ఆయన హయాంలోనే వచ్చాయి. మరోవైపు 1986 చివర్లో పి.ఆర్.సి. కోసం మనం 50 రోజులకు పైగా సమ్మె చేసింది కూడా ఆయన హయాంలోనే. ఉద్యోగుల మీద ఆయన మాట కటువుగా ఉండేదని ఆ రోజులు చూసిన వారెవరిని అడిగినా చెబుతారు.

1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ గారు ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు రాష్ట్రమంతా భగ్గుమన్నది. మా హెడ్ క్లర్కు గారు అప్పటికి ఏడాదిన్నరగా ఇంట్లో ఉన్నారు. ఆ వారంలో మా ఊరి సెంటరులో జరిగిన నిరసన సభలో ముందు వరుసలో కనిపించారు. "మీరు కూడానా, సార్?" అన్నాను. "ఉద్యోగం పోయింది నాది, ఓటు పోయింది అందరిదీ" అన్నారు. నెల రోజులకు, సెప్టెంబరు 16న, రామారావు గారు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు.

హెడ్ క్లర్కు గారికి ఇద్దరు కూతుళ్ళు. ఉద్యోగం ఉన్నట్టుండి పోయేసరికి, గ్రాట్యుటీ డబ్బు చేతిలో ఉండగానే కానిద్దామని 1983 వేసవిలో పెద్దమ్మాయి పెళ్ళి తొందరపడి చేశారు. చిన్నమ్మాయి చదువుకుంటోంది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేట్టు రామారావు గారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి సవరణ చేసింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కు. కేంద్రం ఇదే పని దేశమంతటికీ 2005లో గాని చేయలేదు. అయితే మన చట్టంలో ఒక షరతు ఉండేది: ఆ తేదీకి ముందే పెళ్ళయిన ఆడపిల్లలకు అది వర్తించదు. తాతల నాటి పొలం పంచుకున్నప్పుడు చిన్నమ్మాయికి అన్నదమ్ములతో సమానంగా వాటా వచ్చింది. పెద్దమ్మాయికి రాలేదు. ఒక ఉత్తర్వు వల్ల పెళ్ళి ముందుకు జరిగింది, ఆ పెళ్ళి వల్ల రెండో చట్టం ఆమె గడప దాకా వచ్చి ఆగిపోయింది. రెండూ ఒకే ప్రభుత్వానివి. ఆ అక్కచెల్లెళ్ళలో ఎవరిని పిలిచి రామారావు గారు మంచివారా అని అడుగుదాం?

1989లో ప్రజలు ఆయనను ఓడించారు. కల్వకుర్తిలో స్వయంగా ఓడిపోయారు, హిందూపురంలో గెలిచారు. 1994లో అఖండ విజయంతో తిరిగి తెచ్చారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు. ఆ ఆగస్టులో సొంత పార్టీలోనే ఆధిక్యం కోల్పోయారు. 1996 జనవరి 18న కన్నుమూశారు. నిషేధం 1997లో ఎత్తివేశారు. ఆయన పేరు మీద తగవు మాత్రం ఆగలేదు.

విజయవాడలో 1986లో ఆయన స్థాపించిన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 1998లో ఆయన పేరు పెట్టారు. 2022లో ఆ పేరు తీసి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ పాత పేరు వచ్చింది. చిత్రమేమంటే విశ్వవిద్యాలయం పేరు తీసిన ప్రభుత్వమే అదే 2022లో విజయవాడ కేంద్రంగా ఉన్న జిల్లాకు ఎన్.టి.ఆర్. జిల్లా అని పేరు పెట్టింది. శంషాబాదు విమానాశ్రయంలో దేశీయ టెర్మినలుకు ఆయన పేరు పెట్టాలని 2014లో కేంద్రం నిర్ణయించగా తెలంగాణ శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆయన హయాంలో ట్యాంక్ బండ్ మీద నిలిపిన తెలుగు వైతాళికుల విగ్రహాలలో పలు విగ్రహాలను 2011 మార్చిలో తెలంగాణ ఉద్యమకారులు కూలగొట్టారు. తెలుగువారందరూ ఒక్కటే అన్న ఆయన మాట కొందరికి గర్వకారణమయితే, మా చరిత్ర అందులో కలిసిపోయిందన్న బాధ మరికొందరిది. 2023 ఆగస్టులో రాష్ట్రపతి గారు ఆయన బొమ్మతో నూరు రూపాయల నాణెం విడుదల చేశారు. నాణేనికి రెండు ముఖాలున్నట్టే ఈ విషయానికీ ఉన్నాయి.

ఇక మన సమావేశం ఎలా ముగిసిందో చెప్పి సెలవు తీసుకుంటాను. పటం సంగతి వాయిదా పడింది. మర్నాడు ఇద్దరు సభ్యులు వేర్వేరుగా మా ఇంటికి వచ్చి, అవతలివారి మాటలు మినిట్స్‌లో రాయవద్దన్నారు. సంఘం పరువు పోతుందని ఒకరు, మహానుభావుడి పేరుకు మచ్చ అని ఒకరు. ఇద్దరికీ కాఫీ ఇచ్చి పంపించాను. పుస్తకంలో మాత్రం ఎవరెవరు ఏమన్నారో అన్నీ రాశాను. తరువాతి సమావేశంలో చదివి వినిపించాను. కొంత గొణుగుడు వినిపించింది గాని, సంతకాలు మాత్రం అందరూ చేశారు.

హెడ్ క్లర్కు గారు ఇప్పుడు లేరు. కోర్టు తీర్పు మీద వచ్చిన డబ్బుతో పెళ్ళి అప్పు తీర్చుకున్నారు. రామారావు గారిని తిట్టగా నేను వినలేదు, పొగడగా కూడా వినలేదు. నచ్చని కాగితం ఉండవచ్చు గాని లేని కాగితం ఉండకూడదన్న ఆయన మాటే నాకు మిగిలింది. పాలించిన వారిని దేవుళ్ళను చేయడానికో, దోషులను చేయడానికో మన పిల్లలు, మనుమలు ఆ ఫైలులో కాగితాలు చింపకుండా చూడవలసిన బాధ్యత ఆ రోజులు చూసిన మనదే. మీ మీ అనుభవాలను కూడా రాసి పంపవలసినదిగా మనవి. అనుకూలమైనా, ప్రతికూలమైనా సరే.

అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ,

మీ సోదర పెన్షనరు