పేన్ మారితే భూమి పోతదా?

ఆడబిడ్డలకు భూమిల వాటా అనే మాట వస్తే మనోళ్ళల్ల చానామంది ఒక్క మాటతో తేల్చేస్తరు: "మన ఆచారంల లేదు, అది పేన్ కట్టుబాటు". నిజంగ పేన్ కట్టుబాటేనా? జర చరిత్రల చూద్దాం.

మన గోండుల్ల దేవుని మాట, చట్టం మాట వేర్వేరుగ పుట్టలేదు. పహాండి కుపార్ లింగాల్ మనల్ని నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలుగ విడదీసిండని కథ. ఒకే సగల పెళ్ళి జరగదు. ఇది పూజ సంగతా, పెళ్ళి చట్టమా అంటే రెండూ. పర్ధాన్ కిక్రి మీద పాడే కథనే మనకు చట్టం పుస్తకం.

కేస్లాపూర్‌నే తీసుకోండి. పుష్య అమావాస్యకు మెస్రం వాళ్ళు గోదావరి నుంచి కాలినడకన నీళ్ళు తెచ్చి నాగోబాకు అభిషేకం చేస్తరు. ఆ తర్వాత కొత్త కోడళ్ళ భేటింగ్. పెళ్ళెప్పుడో అయినా సరే, తెల్లచీర కట్టి నాగోబాకు మొక్కినంకనే ఆమె మెస్రం మనిషి. ఆఫీసు భాషల అయితే దీన్ని రిజిస్ట్రేషన్ అంటరు. అంటే పెళ్ళయిన ఆడబిడ్డ తండ్రి పేన్ నుంచి మొగని పేన్‌కు మారుతది. ఇంతవరకు ఆచారం స్పష్టం.

కానీ భూమి? పాత రోజుల్ల మనోళ్ళు పోడు కొట్టి, నాలుగేండ్లకు ఇంకో జాగకు పోయేటోళ్ళు. అడవి ఉంది, నాగలి పట్టేటోనికి భూమి కరువు లేదు. పంచుకునే పట్టా భూమి అనేది సర్వేలు, పట్టాలు వచ్చినంక మొదలైన సంగతి. జోడేఘాట్‌ల 1940ల కుమురం భీం ప్రాణమిచ్చినంక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది, తర్వాత పట్టాలు ఇచ్చింది. నాగోబా దర్బారు కూడా ఆ దశాబ్దంలనే మొదలైంది. 1949 నాటి గిరిజన ప్రాంతాల రూల్స్ మన పంచాయతీలకు తగాదాలు తీర్చే అధికారం ఇచ్చినయి. సగ నియమం ఎంత పాతదో, పట్టా అంత కొత్తది. రెండింటినీ ఒకే గంపల ఎట్ల వేస్తం?

ఇగ ఢిల్లీ చట్టం. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగ చెప్తే తప్ప అది షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. 2005ల హిందూ ఆడబిడ్డలకు సమాన వాటా వచ్చినా మన అక్కచెల్లెండ్లకు రాలేదు. మనల్ని మన ఆచారానికే వదిలిండ్రు. మంచిదే అనిపిస్తది. కానీ కోర్టుల ఆచారం అంటే ఊరికే చెప్పే మాట కాదు. అది పాతదని, తెగకుండ నడుస్తున్నదని, అందరికీ ఒకే తీరుగ ఉన్నదని రుజువు చెయ్యాలె. 2001ల ఒక సంతాల్ కేసుల, మొగడు రెండో పెళ్ళి చేసుకున్నడని భార్య సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ పెళ్ళి చెల్లదనే ఆచారం ఉన్నట్టు రుజువు చెయ్యలేక ఓడిపోయింది.

2025 జులైల ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసుల సుప్రీంకోర్టు ఎదురు దిక్కు నుంచి అడిగింది. తాత భూమిల తల్లి వాటా కోసం ఆమె పిల్లలు కొట్లాడిండ్రు. కింది కోర్టులు "ఆడోళ్ళకు వాటా ఇచ్చే ఆచారం చూపించుండ్రి" అన్నయి. సుప్రీంకోర్టు మాత్రం, ఇవ్వొద్దనే ఆచారం రుజువు కాలేదు, కాబట్టి రాజ్యాంగం 14వ అధికరణం ప్రకారం సమానమే అని చెప్పింది.

కొందరు అన్నలకు ఇది మన మీద దాడి లెక్క కనిపిస్తున్నది. నాకైతే అట్ల లేదు. కోర్టు భేటింగ్‌ను ముట్టలేదు, సగను ముట్టలేదు. పట్టా గురించి మాత్రమే అడిగింది. పేన్ మారిన బిడ్డ తండ్రి పూజల కూసోకపోవచ్చు, అది కటోడా చెప్పే సంగతి. తండ్రి చేను సంగతి కూడా పేనే చెప్పిండని అనేటోళ్ళు ఆ కథ యాడుందో చూపించాలె.

మీ ఊళ్ళె పర్ధాన్, పట్లా బతికుంటే అడగండి: భూమి పంపకం మాట ఏ కథల వస్తది? భర్త లేని, కొడుకులు లేని ఆడిదానికి పంచాయతీల ఏం ఇచ్చేటోళ్ళు? విన్నది విన్నట్టు, ఊరి పేరుతోని కింద రాయండి.