తెరచాప నావలో సీసపు బ్యాటరీ

తెరచాప యెత్తి గాలివాలున పోవు నావకు బ్యాటరీతో పనియేమని మీలో ననేకులకు సందేహము కలుగవచ్చును. గాలి నావను నడపును గాని దీపమును వెలిగింపదు. రాత్రివేళ సముద్రముమీద నావకు ఎడమప్రక్క ఎఱ్ఱదీపము, కుడిప్రక్క పచ్చదీపము, వెనుక తెల్లదీపము వెలుగుచుండవలెనని అంతర్జాతీయ నియమము కలదు. అవి ఆరిపోయినచో పెద్దయోడ తన దారిని తాను వచ్చి చిన్ననావను త్రొక్కివేయును. త్రొక్కివేసిన సంగతి ఆ యోడలోనివారికి తెలియనైన తెలియకపోవచ్చును. అడుగున చేరిన నీటిని తోడు పంపు, తీరముతో మాటలాడు రేడియో, చుక్కాని పట్టుకొను స్వయంచాలక యంత్రము, ఇవన్నియు బ్యాటరీతోడనే బ్రదుకును, దానితోడనే చచ్చును. 2017వ సంవత్సరము సెప్టెంబరులో గోవానుండి బయలుదేరి, మరుసటి సంవత్సరము మే నెలలో భూమిని చుట్టి వచ్చిన ‘తారిణి’ అను తెరచాప నావలోని ఆరుగురు నౌకాదళ స్త్రీలలో ఇద్దరు, హైదరాబాదు నుండి యొకరు, విశాఖపట్టణము నుండి యొకరు, మన తెలుగు ఆడపడుచులు. కనుక ఈ విషయము మనకు దూరపుది కాదు.

నేను తర్కవ్యాకరణములు చదువుకొని పాఠశాలలో ముప్పది యేండ్లకు పైగా పాఠములు చెప్పినవాడను. తార్కికులకు ఘటము లేనిదే పూట గడవదు. ఏ సిద్ధాంతమునకైనను కుండయే దృష్టాంతము. విద్యుచ్ఛాస్త్రమును తెలుగు చేసినవారును బ్యాటరీలోని ఒక్కొక్క గదికి ‘ఘటము’ అనియే పేరు పెట్టిరి. నా కది సంతోషమే గాని, ఆ పేరువలన ఒక భ్రాంతి పుట్టినది. కుండలో నీరు నిలిచినట్లు ఘటములో విద్యుత్తు నిలువయుండుననియు, అడుగంటువరకు తోడుకొని మరల నింపుకొనవచ్చుననియు లోకులు తలంతురు. సముద్రముమీద ప్రాణములమీదికి వచ్చునట్టి పొరపాటు ఇచ్చటనే మొదలగుచున్నది. అది పోవలెనన్న బ్యాటరీ వంశచరిత్రము కొంత తెలియవలెను.

ఇటలీ దేశపు వోల్టా 1800 సంవత్సరమున వెండిబిళ్లలను, తుత్తునాగపుబిళ్లలను ఒకదానిమీద నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కలనుంచి, నిలుకడయైన విద్యుత్ప్రవాహమును మొదట పుట్టించెను. తరువాత నలుబది యేండ్లయినను గడవకముందే రష్యా రాజధానియైన సెంటు పీటర్సుబర్గులో జాకోబి యను పండితుడు నీవా నదిమీద పదిమందికి పైగా జనులను ఎక్కించుకొని విద్యుత్తుతో పడవను నడపెను. ఇది 1838, 1839 సంవత్సరములనాటి మాట. కాని ఆ ఘటములలోని తుత్తునాగము కట్టెవలె ఖర్చయిపోవునదే గాని మరల వచ్చునది కాదు. రెండవ ఏట ఆయన వాడిన గ్రోవ్ ఘటములలోని నత్రికామ్లమునుండి పొగలు వెడలి పడవలోనివారిని ఉక్కిరిబిక్కిరి చేయుచుండెడివి. ఆ మార్గమట్లే నిలిచిపోయినది.

ఖర్చయిన శక్తిని మరల నింపుకొను విద్య ఫ్రాన్సు దేశపు గాస్టన్ ప్లాంటే యనునాయన 1859లో కనిపెట్టెను. రెండు సీసపు రేకులను, ఒకదాని కొకటి తగులకుండ, చాపచుట్టవలె చుట్టి, నీరు కలిపిన గంధకామ్లములో ముంచుటయే ఆయన చేసినపని. ఇంతటి తేలికపని వేరొకటి కనబడదు. కాని ఆ రేకులు తమంత తాము పనికి రావు. విద్యుత్తు నొకవైపునుండి పంపి, ఖాళీచేసి, మరల రెండవవైపునుండి పంపి, ఇట్లు నెలల తరబడి సాధించినగాని సీసపుపైపొర మెత్తబడి శక్తిని గ్రహింపదు. మా కాలపు పాఠశాలలో అమరము వల్లెవేయించినట్లే ఆయన సీసముచేత వల్లెవేయించినాడు. అట్లు కుదిరిన పలక దళసరిగా నుండి చిరకాలము మన్నెడిది.

నెలల తరబడి కాచుకొనుటకు వ్యాపారులకు ఓపిక యెక్కడిది? కామిల్ ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు 1881 ప్రాంతమున సీససిందూరమును ముద్దచేసి పలకలకు పూసి, ఆ పనిని కొలదికాలములోనికి దించెను. ఆ సంవత్సరముననే ప్యారిసులో నింపిన ఫోర్ బ్యాటరీ పెట్టె యొకటి రైళ్లమీదను ఓడమీదను ప్రయాణముచేసి స్కాట్లండులోని గ్లాస్గో నగరమున విలియం టాంసన్ మహాశయునికి, అనగా తరువాత కెల్విన్ ప్రభువని ప్రసిద్ధికెక్కినవానికి, చేరినది. పదిలక్షల అడుగు-పౌనుల శక్తి ఒక పెట్టెలో కూర్చుండి దేశాంతరము వచ్చినదని ఇంగ్లండు పత్రికలన్నియు వింతగా చెప్పుకొనెను. 1882 సెప్టెంబరులో లండను నగరమున థేమ్సునదిమీద ‘ఎలక్ట్రిసిటీ’ యను లోహపుపడవ నలుబదియైదు ఘటములను కడుపున పెట్టుకొని పొగయు చప్పుడును లేక నడచెను. 1893లో చికాగో ప్రదర్శనమున యాబదికి పైగా అట్టి పడవలు జనులను త్రిప్పినవి. ఇవన్నియు పగలంతయు శక్తినిచ్చి రాత్రి నిండుకొనునవి. వీనికి ‘డీప్ సైకిల్’ అను పేరు అప్పటికి లేదు; పేరుతో పనియు లేదు. బ్యాటరీ యనగా నదియే.

అదే కాలమున, 1882లో, గ్లాడ్‌స్టన్, ట్రైబు అను ఇద్దరు ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞులు ఘటములో జరుగునదేమో విశదపరచిరి. శక్తిని వాడుకొనునప్పుడు రెండు పలకలును సీసగంధకితముగా మారును. ఆమ్లములోని గంధకాంశము పలకలకు పోయి ఆమ్లము పలుచనగును. నింపునప్పుడు ఇది విలోమముగా జరుగును. చూచితిరా, నిలువయుండునది విద్యుత్తు కాదు, ఒక రసాయన పరిణామము. క్రొత్తగా పుట్టిన గంధకితము వెన్నవలె మెత్తనిది, విద్యుత్తు తగులగానే కరగును. దానిని దినముల తరబడి అట్లే విడిచినచో రవ్వలుగా బిగిసి కలకండయగును. ఆ తరువాత నెంత విద్యుత్తు పంపినను కరగదు. ఖాళీచేసిన బ్యాటరీని ఖాళీగా నుంచుటయే దానికి మృత్యువు. నూటికి తొంబది బ్యాటరీలు ముసలితనమువలన చావవనియు, ఆకలివలన చచ్చుననియు నా యభిప్రాయము.

ఇక వంశము రెండుగా చీలిన కథ. అప్పటి మోటారుకారును నడిపించుటకు ముందు ఒక ఇనుపపిడిని చేతితో త్రిప్పవలసి యుండెడిది. అది వెనుకకు తన్నినచో మణికట్టు విరుగును. అమెరికాలో చార్లెసు కెట్టరింగు అను యంత్రకారుడు బ్యాటరీతో ఇంజనును కదలించు సాధనమును కల్పించగా, 1912వ సంవత్సరపు కాడిలాకు కార్లలో దానిని అమర్చిరి. ఈ పనికి కావలసినది చిరకాలపు శక్తి కాదు. రెండుమూడు క్షణములు వందలకొలది ఆంపియరుల ఉద్ధృతి. ఉద్ధృతి రావలెనన్న ఆమ్లమునకు పలకల ఉపరితల మెక్కువగా తగులవలెను. అందుచేత పలకలను పలుచన చేసి, సంఖ్య పెంచి, పూతను నురుగువలె గుల్లగా చేసిరి. ఇంజను కదలగానే ఖర్చయిన కొంచెమును అది మరల నింపివేయును. కార్లు లక్షలుగా పెరిగినకొలది ఈ కనిష్ఠ సోదరుడే బజారంతయు నిండినాడు. దళసరిపలకల జ్యేష్ఠుడు జలాంతర్గాములలోను, సరకులెత్తు బండ్లలోను, టెలిఫోను కార్యాలయములలోను అజ్ఞాతవాసము చేసెను.

చిక్కేమనగా ఈ అన్నదమ్ముల రూపమొక్కటే. వాలిసుగ్రీవులు పోరునప్పుడు ఎవడు వాలియో ఎవడు సుగ్రీవుడో రామునకే తెలియకపోగా సుగ్రీవుని మెడలో పూలమాల వేయవలసి వచ్చినది. బ్యాటరీ మెడలోని మాల దాని చీటీయే. ‘ఆంపియర్-గంటలు’ అని ప్రధానముగా వ్రాసియున్నచో అన్న. ఇంజనును త్రిప్పు ఆంపియరులే గొప్పగా చెప్పుకొన్నచో తమ్ముడు. తమ్ముని రాత్రియంతయు దీపమునకు కట్టి, ప్రొద్దున్నకు అడుగంటించినచో, ఆ గుల్లపూత రాలి అడుగునబడును. కొలదిమారులకే వాడు చేతులెత్తివేయును.

నా పూర్వశిష్యుడొకడు విశాఖపట్టణమున చిన్న తెరచాప నావ నొకదానిని నడుపుచున్నాడు. ఒక దుకాణదారుడు అతనికి కారు బ్యాటరీనే ‘పడవకు గూడ నిదియే’ యని చెప్పి అమ్మినాడట. నాలుగు నెలలలో దాని పని ముగిసినది. ‘మాస్టారూ, బరువైనదే మంచిదని పెద్దలందురు, నిజమేనా?’ అని అతడు నన్నడిగెను. ‘ఒకే కొలత గల రెండింటిలో నయినచో చాలవరకు నిజమే నాయనా! సీస మెక్కువయున్నచోట పలక దళసరిగా నుండును’ అని చెప్పితిని. తరువాత ఇద్దరమును కూర్చుండి లెక్క వేసితిమి. రాత్రి దీపములకు దినమునకు 5 ఆంపియర్-గంటలు, పరికరములకు గంటకొక ఆంపియరు చొప్పున 24, స్వయంచాలక చుక్కానికి గంటకు 3 చొప్పున పండ్రెండు గంటలకు 36, రేడియోకు 5. వెరసి 70. సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీచేయరాదు గనుక 140 కావలెను. ఒకదినము మబ్బుపట్టి సూర్యఫలకము పనిచేయకపోయినను నిలువవలెనన్న 280. అతడు కొన్నది 60. ఆ బ్యాటరీ తమ్ముడు కాక అన్నయే యైనను బ్రదికెడిది కాదు.

ఈ లెక్కకు ఒక సవరణ యున్నది. 1897లో జర్మనీ దేశపు ప్యూకర్టు అనునాయన, ఎంత వేగముగా తోడుకొన్నచో అంత తక్కువ లభించునని ప్రయోగపూర్వకముగా చూపెను. చీటీమీది సంఖ్య సాధారణముగా ఇరువది గంటలపాటు నెమ్మదిగా వాడుకొన్నప్పటిది. లంగరు నెత్తు యంత్రము వంటిదానికి ఆ సంఖ్య చెల్లదు.

నింపుటలో నావికులు చేయు పొరపాటు మరింత సూక్ష్మమైనది. సీసపు బ్యాటరీ మొదటి ఎనుబది పాళ్లు ఆత్రముగా భుజించి, కడపటి ఇరువది పాళ్లు మెల్లమెల్లగా, గంటలకొలది కాలమునకు గాని గ్రహింపదు. నావికుడు దినమున కొకగంట ఇంజను నడపి చాలునని ఆపివేయును. ప్రతిదినమును కొంత గంధకితము కరగక మిగిలి బిగిసిపోవును. ఈ కడపటి ముద్దలను ఓపికతో తినిపించు దాది సూర్యఫలకము. ఇంజను ముందును, సూర్యుడు వెనుకను పనిచేసిన నావలో బ్యాటరీ చిరంజీవి.

బ్యాటరీ ఆరోగ్యము తెలిసికొనుటకు ఆమ్లపు సాంద్రతను చూడవలెను. నీటిని 1 అనుకొన్నచో, నిండిన ఘటమున 1.265 మొదలు 1.280 వరకు, సగమైనప్పుడు 1.200కు కొంచెము దిగువను, 1.120 దరిదాపులకు వచ్చినచో ఖాళీ. మనవంటి ఉష్ణదేశములలో ఆమ్లమును మొదటనే కొంచెము పలుచగా పోయుదురు. మూతబిగించిన బ్యాటరీయైనచో పనియాపి కొన్ని గంటలు విశ్రమింపజేసి వోల్టులు చూడవచ్చును: పండ్రెండు వోల్టుల దానికి 12.7 నిండుదనము, 12.2 సగము. ఆరు ఘటములలో నొకటి మాత్రమే మిగిలినవానికి వెనుకబడినచో రోగమక్కడనే.

ఈ సాంద్రతాపరీక్ష ఇంటిలో పిల్లలాటవంటిది, సముద్రముమీద కాదు. ఆంగ్ల నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూనులో ఒంటరిగా బయలుదేరి, ఎచ్చటను ఆగక భూమిని చుట్టి, 1969 ఏప్రిలులో తిరిగివచ్చిన మొదటివాడు. తొమ్మండుగురు పూనుకొన్న ఆ పందెమున ముగించినవా డాయన యొక్కడే. ఆయన యెక్కిన ‘సుహైలి’ బొంబాయిలో మన వడ్రంగులు టేకుకలపతో కట్టిన 32 అడుగుల నావ. దక్షిణసముద్రములో నొకనాడు బ్యాటరీ సాంద్రత చూచుచుండగా నావ కుదిపి ఆమ్లము ఆయన కంటిలో చింది పడినది. కడిగి, మందువేసికొని, కన్ను పోవునేమో, దర్బనుకు మరలవలెనేమో యని తలపోసి, చివరకు ముందునకే సాగెను. కన్ను దక్కినది. ఒక చుక్క ఆమ్లము ఆ యాత్రను ముగింపగలిగి యుండెను గదా!

కావున కంటికద్దములు లేనిదే మూతలు తీయరాదు. బట్టీపట్టిన నీరు తప్ప మరేనీరును పోయరాదు. పలకలు మునిగియున్నచో, పోయవలసిన నీటిని బ్యాటరీ నిండిన పిదపనే పోయవలెను, నిండునప్పుడు ద్రవము పొంగును గనుక. నింపుటలో పుట్టు జలజనకవాయువు నిప్పురవ్వకు ప్రేలును. బ్యాటరీ యున్న అరకు గాలిదారి తప్పనిసరి. ఉప్పునీరు ఘటములోనికి పోయినచో విషమైన క్లోరినువాయువు పుట్టును. తొలినాటి జలాంతర్గాములలోనివారు శత్రువుకన్న దీనికే యెక్కువ వెఱచిరి. నావ ఎంత ఒరిగినను బ్యాటరీ కదలకుండ పట్టీలతో బిగింపవలెను.

ఈ బాధలు తగ్గించుటకే 1957లో జర్మనీలో ఆమ్లమును జిగురువలె గట్టిపరచిన బ్యాటరీయు, 1970 తరువాత అమెరికాలో గాజునూలు పొరలలో ఆమ్లమును ఇంకించిన బ్యాటరీయు వచ్చినవి. ఇవి ఒరిగినను ఒలుకవు, నీరు కోరవు. కాని అతిగా నింపినచో ఎండిపోవును, పోసి బ్రదికించుటకు వీలులేదు. ఇప్పుడు లిథియము-ఇనుము-ఫాస్ఫేటు బ్యాటరీల కాలము. 1997లో ఆ పదార్థమును లోకమునకు తెలిపిన పత్రమున గుడెనఫ్ మహాశయునితోపాటు పాఢి, నంజుండస్వామి యను మనదేశపు పేర్లున్నవి. అది సీసములో సగముకన్న తక్కువ బరువు. ఎనుబది పాళ్లు వాడుకొన్నను సహించును. అరకొర భోజనమునకు అలుగదు. వెల యెక్కువ. దానికి కాపరిగా నొక సూక్ష్మయంత్రముండి, అపాయము తోచినచో తటాలున తెంచివేయును. ఇంజను నింపుచున్న సమయమున తెంచినచో ఇంజనుయొక్క విద్యుద్యంత్రము చెడిపోవచ్చును. అందుచేత తెలిసిన నావికులు లిథియము పెట్టుకొన్నను సీసమును పూర్తిగా త్రోసిపుచ్చరు. ఇంజను ప్రక్కన ఒక మూల పలుచనిపలకల సీసపు బ్యాటరీ యొకటి నేటికిని అనేక నావలలో కనబడును. అది ఇంజనును రెండు క్షణములు కదలించి, మిగిలిన దినమంతయు ఊరక కూర్చుండును.