పద్దు పుస్తకంలో లేని కంచం

అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక కిరాణా పద్దు పుస్తకం దొరికింది. 1984 నాటిది, తాతయ్య చేతిరాత. కందిపప్పు 3 కిలోలు, చింతపండు 1 కిలో, బెల్లం, వేరుశెనగ నూనె... నెలనెలా అదే వరస. బియ్యం పద్దే లేదు, సొంత వడ్లు కదా. గోంగూర పెరట్లోది, పాలు ఇంటి గేదెవి. ఆ పుస్తకం ఒక్కటే నమ్మితే మావాళ్ళు అన్నమే తినలేదనుకోవాలి.

మా బావ వెంటనే ఫోన్లో లెక్క కట్టేశాడు. ఏడుగురు మనుషులు, 3 కిలోల పప్పు. తలకి రోజుకి 14 గ్రాములు!

ఇదేం కొత్త లెక్క కాదు. 1950లో మహలనోబిస్ చొరవతో మొదలైన నేషనల్ శాంపిల్ సర్వే దేశమంతటికీ చేస్తూ వచ్చింది దాదాపు ఇదే. ఇంటికొచ్చి, గడిచిన 30 రోజుల్లో ఏ సరుకు ఎంత వాడారని అడుగుతారు. కొన్నదే కాదు, సొంతంగా పండినదీ రాసుకుంటారు. ఆ విషయంలో తాతయ్య కంటే నయం. దాన్ని కేలరీల్లోకి మార్చి, తలసరి లెక్క తీస్తారు. పల్లెలో మనిషికి 2400 కేలరీలు, పట్నంలో 2100 అంటూ ఏళ్ళ తరబడి సాగిన పేదరికపు గీత చర్చలకి ఆధారం ఈ భాగహారమే.

చిక్కు ఎక్కడంటే, నాట్లప్పుడు మా ఇంట్లో కూలీలకి మధ్యాహ్నం అన్నం పెట్టేవారు. ఆ బియ్యం సర్వే లెక్కలో మా ఇంటి వాడకం. తిన్నది వాళ్ళు, రాసేది మా పేరున. అలా ఉన్నవాళ్ళ తిండి కాగితం మీద కాస్త పెరుగుతుంది, లేనివాళ్ళది కాస్త తగ్గుతుంది. సర్వే వాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. బయటివాళ్ళకి ఎన్ని పూటలు పెట్టారని కూడా అడుగుతారు. కానీ ఇంటివాళ్ళలో ఎవరెంత తిన్నారో ఆ ప్రశ్నకి అందదు.

దాన్ని అందుకోవాలని చూసింది మన హైదరాబాద్ వాళ్ళే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972లో ఒక పోషకాహార పర్యవేక్షణ బ్యూరో మొదలైంది. వాళ్ళు సరుకుల జాబితా దగ్గర ఆగలేదు. కొలత గిన్నెలు పట్టుకెళ్ళి, నిన్న ఏం వండారు, ఎవరికెంత వడ్డించారు అని అడిగేవారు. కొన్నిచోట్ల వండకముందే సరుకు తూచేవారు. అంటే లెక్క గడప దగ్గర ఆగకుండా కంచం దాకా వెళ్ళింది. నన్నడిగితే మన ఆర్థిక చరిత్రల్లో ఆ గిన్నెలకి రావలసినంత పేరు రాలేదు. 2015లో ఆ బ్యూరోని మూసేశారు కూడా.

ఆ రాత్రి మేమూ అమ్మని అలాగే అడిగాం, గిన్నెలు లేకుండా. తాతయ్యకి ముద్దపప్పు మీద నెయ్యి ఎంత వేసేవారో చెప్పింది. మావయ్యలు ఎన్నిసార్లు మారు వడ్డించుకునేవాళ్ళో, తాతమ్మకి అన్నం ఎంత మెత్తగా పిసికేవారో చెప్పింది. నలభై ఏళ్ళ నాటి కంచాలు, ఒక్కటీ మర్చిపోలేదు.

"మరి అమ్మమ్మ ఏం తినేది?" అన్నాడు బావ.

అమ్మ కాసేపు ఆలోచించింది.

"మేం తినేసి బయటికి పోయేవాళ్ళం కదరా. ఎవరు చూశారు?"