ఆంధ్రరాష్ట్ర శాసనసభ యెన్నికలు – ఓట్ల లెక్కయు, స్థానముల లెక్కయు



మన వార్షిక మహాసభలలో ప్రతియేటను ఆమోదింపబడు తీర్మానములలో నొకటి తప్పక యుండును. మన కులస్థుల సంఖ్య రాష్ట్రమునందింత. కావున శాసనసభలో మనకిన్ని స్థానములు రావలెను అని. దానిని ప్రతిపాదించినవారిని, బలపఱచినవారిని నేనెఱుగుదును. వారి సదుద్దేశమును శంకింపను. కాని సంఖ్య స్థానముగా మాఱు విధమును విచారింపక చేయు కోరిక, కొలత యీయక కుట్టించిన చొక్కావంటిది. ఆ విధమును గ్రహించుటకు మన జిల్లాల చరిత్రలో 1955వ సంవత్సరపు ఎన్నికలను మించిన పాఠము లేదని నా యభిప్రాయము.

ఎన్నిక యను మాటకు లెక్కించుట యనియు, ఏరుకొనుట యనియు రెండర్థములు గలవు. సంస్కృతమున గణనము వేఱు, వరణము వేఱు. మన తెలుగు రెంటిని ఒక్కమాటలో ఇమిడ్చినది. పై తీర్మానమును వ్రాసినవారును అట్లే ఇమిడ్చినారు.

పూర్వరంగమును సంక్షేపముగా చెప్పెదను. 1920లో మదరాసు శాసనమండలికి తొలి యెన్నికలు జరిగినప్పుడు ఓటుహక్కు ఆస్తిపరులకు, పన్ను చెల్లించువారికి మాత్రమే యుండెను. బ్రాహ్మణేతరులకు 28 స్థానములు ప్రత్యేకింపబడినవి. కులసంఖ్యను చూపి స్థానములడుగు వాడుక మనలో బలపడినది ఆ కాలముననే. 1937లో ఓటర్ల సంఖ్య పెరిగెను గాని, నాటికిని బీదవారు జాబితాకెక్కలేదు. అయినను 215 స్థానములలో కాంగ్రెసునకు 159 వచ్చినవి. మదరాసు ప్రభుత్వమునకు నాయకుడై యుండిన బొబ్బిలి రాజావారు తమ బొబ్బిలియందే వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి. సంస్థానమున కౌలుకు దున్నువాడు దివాణమునకు జంకక ఓటు వేయగలడని లోకమునకప్పుడు తెలిసినది.

1952లో ఇరువదియొక యేండ్లు నిండిన స్త్రీపురుషులందఱికిని ఓటు వచ్చినది. అప్పటి పద్ధతి నేటివారికి వింతగా తోచును. చీటిపై ముద్ర వేయు పని లేదు. తెరచాటున అభ్యర్థికొక పెట్టె చొప్పున వరుసగా నుంచి, ఒకదానిపై కాడెద్దులు, ఒకదానిపై కంకి కొడవలి, ఒకదానిపై గుడిసె బొమ్మలంటించెడివారు. అక్షరము రానివాడును తన గుర్తుగల పెట్టెలో చీటి వేసి రావచ్చును. ఆ యెన్నికలలో మదరాసు ముఖ్యమంత్రి కుమారస్వామిరాజాగారు ఓడిరి. ప్రకాశం పంతులుగారు మదరాసు నగరమున ఓడిరి. అనంతపురమున నీలం సంజీవరెడ్డిగారు తరిమెల నాగిరెడ్డిగారి చేతిలో ఓడిరి. వీరిరువురును బంధువులు, ఒకే కులమువారు! కులమును బట్టియే జనులు ఓటు వేయుదురనువారు ఈ యుదాహరణమునకేమని సమాధానము చెప్పుదురో నాకు తెలియదు. తెలుగు జిల్లాల 140 స్థానములలో కమ్యూనిస్టులకు 41 వచ్చినవి. కాంగ్రెసునకును దాదాపు అన్నియే. కాంగ్రెసు, కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీ, కృషికార్ లోక్‌పార్టీ, సోషలిస్టులు, స్వతంత్రులు ఒకరి ఓట్లనొకరు చీల్చుకొనిరి. ఆ చీలికల నడుమ కమ్యూనిస్టులు గెలిచిరి.

1953 అక్టోబరు 1వ తేదీన పదునొకండు జిల్లాలతో ఆంధ్రరాష్ట్రమేర్పడినది. కర్నూలు రాజధాని, ప్రకాశంగారు ముఖ్యమంత్రి. ఆ మంత్రివర్గము 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. కారణము మద్యనిషేధము. నిషేధమువలన కల్లుగీత వృత్తివారి జీవనము పోయినది, దానిని సమీక్షించుటకు నియమింపబడిన రామమూర్తి సంఘము నిషేధమునెత్తివేయుమనెను, ప్రభుత్వమంగీకరింపలేదు. గౌతు లచ్చన్నగారు గీతపనివారి పక్షమున పోరాడిరి. మన సంఘీయులు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. గీతపనివారు ఏ యొక జిల్లాలోను అధికసంఖ్యాకులు కారు. వారి స్థానబలము చేత మంత్రివర్గము పడలేదు. వారి కష్టము ప్రతి జిల్లాలోను కనబడునదగుట చేత, దానిని ఇతర పక్షములవారును తమదిగా చేసికొనుట చేత పడినది.

పిమ్మట రాష్ట్రపతి పాలన; 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు. ఈసారి స్థానములు 196. కొద్ది నెలల క్రిందట ప్రభుత్వమును పడగొట్టిన కృషికార్ లోక్‌పార్టీయు, పడిపోయిన ప్రకాశంగారి ప్రజాపార్టీయు కాంగ్రెసుతో నొక్క కూటమియైనవి. రాజకీయమున ఇది వింత కాదనుకొనుడు. ఆచార్య రంగాగారు దానికి పెద్దదిక్కు. స్థానములను పంచుకొని, కమ్యూనిస్టునకెదురుగా ఒక్క అభ్యర్థినే నిలువబెట్టుట వారి నియమము. ఆ జనవరిలోనే ఆవడి కాంగ్రెసు సోషలిస్టు తరహా సమాజము మా లక్ష్యమని తీర్మానించెను. రష్యా పత్రిక ప్రావ్దా నెహ్రూగారి విదేశాంగనీతిని పొగడెను. కాంగ్రెసువారు దానిని ఊరూర చదివి వినిపించిరి. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములలో ప్రచారము తీవ్రముగా సాగినది.

ఫలితములు చూడుడు. కాంగ్రెసు 119, కృషికార్ లోక్‌పార్టీ 22, ప్రజాపార్టీ 5. వెరసి కూటమికి 146. ప్రజాసోషలిస్టులు 13, స్వతంత్రులు 22, కమ్యూనిస్టులు 15. కాని కమ్యూనిస్టులకు వచ్చిన ఓట్లు నూటికి 31! 1952 నాటికంటె ఓట్లు పెరిగినవి; స్థానములు మూడవవంతునకు దిగినవి. జనసంఖ్యానిష్పత్తిని బట్టి స్థానములు రావలెననువారి లెక్క ప్రకారము వారికి అఱువదికి పైగా రావలసినది. ఎదుటివారి ఓట్లు చీలనందున, పలుచోట్ల రెండవవారై నిలిచిపోయిరి. పుచ్చలపల్లి సుందరయ్యగారు గన్నవరమున గెలిచి పదునేవురలో నొకరైరి. మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి.

కాంగ్రెసునకు వచ్చినది నూటికి 39. మిత్రులకు విడిచిన చోట్ల వారు పోటీ చేయలేదను మాటయు చెప్పవలెను. అదే నూటికి 39 పాలు 2019లో తెలుగుదేశమునకు 175లో 23 స్థానములను, 2024లో వై.యస్.ఆర్. కాంగ్రెసునకు 11 స్థానములను మాత్రమే యిచ్చినది. అన్ని జిల్లాలలో సమముగా పఱచుకొని, ప్రతిచోట కొంచెము తక్కువైన బలము ఎక్కడను గెలువదు.

మఱియొక విశేషము. 1955లో 196 స్థానములున్నను నియోజకవర్గములు 167 మాత్రమే. ఇరువదితొమ్మిది ద్విసభ్య నియోజకవర్గములు; అందొక స్థానము షెడ్యూల్డు కులములకో, తెగలకో ప్రత్యేకము. ఓటరునకు రెండు ఓట్లు. రెండును ఒకరికే వేయరాదు. మిగిలిన రెండవ స్థానము అగ్రకులములదే యని పలువురి భ్రమ. 1957 లోక్‌సభ యెన్నికలలో పార్వతీపురమున ఆ భ్రమ తొలగినది. అచ్చట గిరిజనులిరువురు రెండు స్థానములను గెలిచిరి, వి.వి. గిరిగారు 565 ఓట్ల తక్కువతో ఓడిరి. రెండవ స్థానము సర్వసామాన్యము గాని గిరిజనేతరులకు ప్రత్యేకము కాదని సుప్రీంకోర్టు 1959లో తీర్పు చెప్పెను. 1937లో రాజాను గెలిచినవారు ఇరువది యేండ్లకు గిరిజనుని చేతిలో ఓడుట ఆ యుత్తరపు జిల్లాల చరిత్రలో మఱవరానిది. ద్విసభ్య పద్ధతి 1961లో రద్దయినది.

1955లో ఎన్నికైనవారు 1956లో ఆంధ్రప్రదేశమేర్పడిన తరువాతను కొనసాగిరి. 1957లో తెలంగాణపు 105 స్థానములకే యెన్నికలు జరిగినవి. కోస్తా, రాయలసీమ జిల్లాలవారు 1962 వఱకు శాసనసభకు మఱల ఓటు వేయలేదు.

ఇక మన సంగతి. మనవారు కొన్ని జిల్లాలలో పట్టణములయందు పది యిండ్లు, పల్లెలయందు రెండిండ్లుగా నున్నారు; కొన్ని మండలములలో మాత్రము గుంపుగా నున్నారు. ఈ భేదమును మన జనసంఖ్యా పత్రములు చూపవు. జిల్లాకొక అంకె వేసి కూడి చూపును. రాబోవు జనగణనలో కులగణనము కూడ చేరునని కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటించినది. ఆంధ్రప్రదేశ పునర్విభజన చట్టమున స్థానములను 175 నుండి 225కు పెంచు నిబంధనయు గలదు. 2026 తరువాతి జనగణన పిదప గాని అది జరుగదు. హద్దులు గీయువారి యెదుట చెప్పుకొనుటకు జిల్లా అంకె పనికిరాదు, గ్రామముల జాబితా కావలెను. అందుచేత జిల్లా కార్యదర్శులందఱు తమ తమ శాఖలలోని కుటుంబములను మండలముల వారీగా, గ్రామముల వారీగా వ్రాసి, రాబోవు సంచికకు పంపవలెనని కోరుచున్నాను. ఆ పట్టికలను సరిచూచి కూర్చు పనిని నేను సంతోషముతో వహింపగలను.