బళ్లారి వీధుల అల్లిక – నగర విస్తరణ

నగరం పెరిగేకొద్దీ ఇళ్ల సంఖ్యతోపాటు వీధుల అల్లిక కూడా మారుతుంది. ఒక వీధి ఎన్ని వీధులతో కలుస్తుందనే గుణాన్ని వీధుల అనుసంధానం అంటారు. నాలుగు దారుల కూడళ్లు ఎక్కువగా ఉన్నచోట నడక దూరం తగ్గుతుంది. ముందుకు దారిలేని సందులు పెరిగినచోట, పెరటి గోడకు ఆవల ఉన్న ఇంటికి చేరడానికి సైతం పెద్దరోడ్డు చుట్టి రావలసి ఉంటుంది.

1800లో దత్తమండలాలు ఆంగ్లేయుల వశమైన పిమ్మట బళ్లారిలో రెండు విధాల వీధులు ఏర్పడ్డాయి. కోటను ఆశ్రయించి పెరిగిన బ్రూసుపేట వంటి వర్తకపు పేటలలోను, కౌల్‌బజారులోను వీధులు ఇరుకు. అయినా పాదచారికి అవి అనుకూలమే. కంటోన్మెంటు ప్రాంతం సైనిక అవసరాలకై విశాలమైన ఆవరణలతో వెలసింది. కోట గుట్ట, కుంబార గుట్ట, ఊరి నడుమనుంచి సాగే గుంతకల్లు–హోస్పేట రైలు మార్గం ఈ అల్లికకు సహజమైన అడ్డంకులు. వీటిని దాటే దారులు కొన్నే కనుక రద్దీ అంతా అక్కడికే చేరుతుంది.

1901లో బళ్లారి జనాభా 58,247; 2011 నాటికి 4 లక్షలు దాటింది. 2004లో పురపాలక సంఘం మహానగర పాలికె అయింది. అదే దశాబ్దంలో ఇనుప ఖనిజపు వ్యాపారం ఉధృతమై, పొలాలు లేఅవుట్లుగా మారే వేగం హెచ్చింది. 2011లో సుప్రీంకోర్టు జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపివేసింది. వేసిన రోడ్లు మాత్రం ఉండిపోయాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. లేఅవుట్లు ఒక్కసారిగా పుట్టవు. ఒక రైతు పొలం ఈ ఏడు, పక్క పొలం పదేళ్లకు అమ్ముడుపోతాయి. ప్రతి లేఅవుటుకూ దాని పటం దానిదే కావడంతో వీధి గట్టు దగ్గర ఆగిపోతుంది. ఇల్లు పాతబడితే పడగొట్టి కట్టుకోవచ్చు. వీధిని మార్చాలంటే ఎందరి స్థలాలో కోల్పోవాలి. బస్సు అటువంటి సందులలోకి రాదు. అంబులెన్సు వెనుదిరిగి రావాలి.

ఇది బళ్లారి ఒక్కదాని కథ కాదు. 2020లో బారింగ్టన్-లీ, మిలర్డ్-బాల్ ప్రచురించిన అధ్యయనం 1975 తరువాత ప్రపంచంలో అనేక ప్రాంతాలలో కొత్త వీధుల అనుసంధానం తగ్గిందని తేల్చింది. అమెరికాలో మాత్రం 1990ల మధ్యకాలం నుంచి ఈ ధోరణి వెనుకకు మళ్లింది. బళ్లారి శివార్లలో ఇంకా అమ్ముడుపోని పొలాలున్నాయి. వీధిని గట్టు దాటించి ముందుకు కలిపే అవకాశం ఆ పొలాల దగ్గరే మిగిలి ఉంది.